చమురు ధర రాసిన చేతులు

1859 ఆగస్టు 27న పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో సుమారు 70 అడుగుల లోతున నూనె పడింది. భూమిని తొలిచి నూనె తీయవచ్చని ఆ రోజుతో అందరికీ తెలిసిపోయింది. దాన్ని దేనితో కొలవాలి, ఏది మేలు రకం, ఏది నాసి రకం, ఎంతకు అమ్మాలి అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఈ మూడింటికీ జవాబులు కుదరడానికి నూరేళ్లు దాటింది. అవి కూడా ఏ ప్రయోగశాలలోనో ఒక మేధావి ఆలోచించి చెప్పిన జవాబులు కావు. బేరగాళ్ల తగవుల్లోంచి, పరికరాల తయారీలో జరిగిన ఒక పొరపాటులోంచి, పన్ను లెక్కల్లోంచి పుట్టుకొచ్చాయి. ముడిచమురు కథలో నన్ను పట్టి ఉంచేది అదే. ధర రాసే హక్కు ఎవరి చేతికి వెళ్లిందో చూస్తూ పోతే ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఒక వరుసలో అర్థమవుతుంది.

మొదట కొలత. టైటస్‌విల్ పక్కనున్న ఆయిల్ క్రీక్ లోయలో నూనె పొంగుతోంది, పట్టడానికి పాత్రలు లేవు. విస్కీ పీపాలు, చేపల పీపాలు, బెల్లపు పాకం పీపాలు, ఏది దొరికితే అందులో పోశారు. ఒక్కో పీపా ఒక్కో సైజు. గుర్రపు బళ్ల మీద బురద దారుల్లో వెళ్లేటప్పుడు కారిపోయేది కారిపోగా, కొన్నవాడికి చేరేసరికి వెలితి పీపా మిగిలేది. రోజూ తగువులే. చివరికి 1866 ఆగస్టులో అక్కడి ఉత్పత్తిదారులు ఒక మాట మీదికి వచ్చారు: 40 గ్యాలన్ల లెక్కకు డబ్బు తీసుకుని, ప్రతి నలభైకీ 2 గ్యాలన్లు కొసరు వేయాలి. ఆ కొసరు క్రమంగా అసలులో కలిసిపోయి 42 గ్యాలన్ల బ్యారెల్ స్థిరపడింది. మన లెక్కలో సుమారు 159 లీటర్లు. ఇప్పుడు ముడిచమురు పీపాల్లో పోదు. పైపుల్లో, రెండు మూడు లక్షల టన్నులు పట్టే ఓడల్లో పోతుంది. ధర మాత్రం నేటికీ ఆ కొసరు కలిపిన పీపా మీదే చెబుతున్నారు.

కొలత కుదిరినంత తేలిగ్గా ధర కుదరలేదు. 1860 తొలి నాళ్లలో బ్యారెల్ 20 డాలర్లు పలికిన నూనె, బావులు ఎక్కువయ్యేసరికి 1861 చివరికి 10 సెంట్లకు పడిపోయింది. అందులోని నూనె కంటే ఖాళీ పీపాకే ఎక్కువ ఖరీదు. టైటస్‌విల్, ఆయిల్ సిటీ పట్టణాల్లో చమురు ఎక్స్ఛేంజీలు వెలిశాయి. పైపులైన్ కంపెనీ ఇచ్చే నిల్వ రసీదులు అక్కడ చేతులు మారేవి. బావి మొహం చూడనివాళ్లు కూడా వాటి మీద పందేలు కాసేవారు.

ఆ గొడవను ఆపినవాడు జోసెఫ్ సీప్. రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్‌కు ముడిచమురు కొనే విభాగం పెద్ద ఆయన. 1895 జనవరిలో ఒక నోటీసు విడుదల చేశాడు. ఎక్స్ఛేంజీల్లో వచ్చే రేట్లు ఇక చమురు అసలు విలువకు గుర్తు కావని, తమ ఏజెన్సీ ఏ రోజుకారోజు తాను ఇవ్వదలచిన ధర ప్రకటిస్తుందని దాని సారాంశం. పైపులూ రిఫైనరీలూ స్టాండర్డ్ ఆయిల్ చేతిలో ఉన్నాయి. దానికి అమ్మకపోతే ఇంకెవరికి అమ్మాలి? ఎక్స్ఛేంజీలు చూస్తుండగానే మూతపడ్డాయి. కొనేవాడు గోడ మీద రేటు అంటించడం, అమ్మేవాడు ఒప్పుకోవడం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది. పోస్టెడ్ ప్రైస్ అన్న పేరు అలా స్థిరపడింది. ఈ పేరే తర్వాత అరవై డెబ్బై ఏళ్లకు అరబ్బు దేశాల ఖజానాలను శాసించింది.

ఇక నాణ్యం సంగతి. పెన్సిల్వేనియా నూనె అదృష్టవశాత్తూ శుభ్రమైనది. మరిగిస్తే మంచి కిరోసిన్ వచ్చేది. దీపం మసి పట్టేది కాదు. 1885లో ఒహాయో రాష్ట్రంలోని లైమా ఊళ్లో గ్యాస్ కోసం తవ్వితే నూనె పడింది. దాన్ని చూసి మొదట సంబరపడ్డారు, తర్వాత ముక్కు మూసుకున్నారు. కుళ్లిన కోడిగుడ్ల కంపు. దాంతో చేసిన కిరోసిన్ వెలిగిస్తే ఇల్లంతా వాసన, చిమ్నీ అంతా మసి. కారణం గంధకం. పెన్సిల్వేనియా నూనెతో పోలిస్తే లైమా నూనెకు దక్కింది బ్యారెల్‌కు 15 సెంట్ల ప్రాంతంలో. ఒకే పీపా, ఒకే బరువు, రెండు రకాల ధర. గంధకానికి వెల ఉందని చమురు వ్యాపారానికి తెలిసింది అక్కడే.

రాక్‌ఫెల్లర్ ఆ కంపు నూనెను కోట్ల బ్యారెళ్ల లెక్కన కొని ట్యాంకుల్లో నింపించాడు. కంపెనీ బోర్డులో పెద్దలు అడ్డం తిరిగితే, నష్టం వస్తే నా సొంత సొమ్ము 30 లక్షల డాలర్లు పెడతానన్నాడు. ఇంకోవైపు హెర్మన్ ఫ్రాష్ అనే జర్మన్ రసాయనవేత్తను పనిలో పెట్టాడు. ఫ్రాష్ అంతకుముందు కెనడాలో ఇలాంటి నూనెతోనే కుస్తీ పట్టినవాడు. రాగి ఆక్సైడ్‌తో కలిపి మరిగిస్తే గంధకం రాగికి అంటుకుపోతుందని, ఆ రాగిని మళ్లీ కాల్చి తిరిగి వాడుకోవచ్చని చూపించాడు. ఆ పద్ధతి నమ్మకంతోనే 1889లో ఇండియానాలోని వైటింగ్‌లో పెద్ద రిఫైనరీ లేచింది. ఈ ఘట్టంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇది: గంధకం తీయడానికి అయ్యే ఖర్చు ఎంతో తెలిశాకనే, గంధకం ఉన్న నూనెకు ఎంత తగ్గించాలో తెలిసింది. ఇవాళ అరశాతం లోపు గంధకం ఉంటే స్వీట్ క్రూడ్, దాటితే సోర్ క్రూడ్ అంటున్నారు. రెంటి మధ్య ధరల తేడా అడుగున ఉన్నది లైమా లెక్కే. గంధకం పైపులను తినేస్తుంది, ఉత్ప్రేరకాలను పాడుచేస్తుంది, దాన్ని తీయాలంటే హైడ్రోజన్ కావాలి, హైడ్రోజన్‌కు డబ్బు కావాలి.

రెండో గుణం సాంద్రత. దీని కథ అమెరికాలో కాదు, పారిస్‌లో, చమురుతో సంబంధం లేని ఒక మందుల తయారీదారు దగ్గర మొదలవుతుంది. ఆంత్వాన్ బోమే 1768లో ద్రవాల చిక్కదనం కొలిచే గాజు హైడ్రోమీటర్‌కు అంకెలు గీశాడు. నీటి కంటే తేలికైన ద్రవాల కోసం ఆయన పెట్టుకున్న పద్ధతి ఇది: పది శాతం ఉప్పునీటిలో పరికరం ఎంతవరకు మునిగితే అక్కడ సున్నా, మామూలు నీటిలో ఎంతవరకు మునిగితే అక్కడ 10. ద్రవం తేలికైన కొద్దీ పరికరం ఇంకా లోతుకు దిగుతుంది, అంకె పెరుగుతుంది. చమురు వ్యాపారులకు ఇది చేతికి అందొచ్చింది. బావి దగ్గరే ఒక గొట్టంలో నూనె పోసి, హైడ్రోమీటర్ వదిలి, అంకె చదివి, రకం చెప్పేయవచ్చు.

చిక్కు ఎక్కడంటే, అందరి హైడ్రోమీటర్లూ ఒకే అంకె చూపించలేదు. 1916లో అమెరికా ప్రమాణాల సంస్థ లెక్క సరిచేసి, బోమే సూత్రంలో ఉండాల్సిన సంఖ్య 140 అని ఖరారు చేసింది. తీరా విచారిస్తే ఉప్పునీటి గాఢతలో, ఉష్ణోగ్రతలో జరిగిన తేడాల వల్ల 141.5 అన్న సంఖ్యతో తయారైన పరికరాలు దేశమంతా పాకిపోయి ఉన్నాయి. చమురు క్షేత్రాల్లో, రిఫైనరీల్లో, ఒప్పందాల్లో ఆ అంకెలే చలామణిలో ఉన్నాయి. వాటన్నిటినీ పారేయించడం ఎవరివల్లా అయ్యే పని కాదు. అందుకని 1919లో ఏర్పడిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ప్రభుత్వ సంస్థలతో కలిసి 1921లో మరో దారి పట్టింది. వాడుకలో ఉన్న తప్పు అంకెనే అంగీకరించి, దానికి ఏపీఐ గ్రావిటీ అని కొత్త పేరు పెట్టింది. 141.5ను నూనె విశిష్ట గురుత్వంతో భాగించి 131.5 తీసేయాలి. నీటికి చేస్తే సరిగ్గా 10 వస్తుంది. బోమే గారి ఉప్పునీటి లెక్క నూట యాభై ఏళ్లు దాటి అలా మిగిలింది. విశిష్ట గురుత్వం 0.85 ఉన్న నూనెకు 35 డిగ్రీలు వస్తుంది. దాన్ని లైట్ క్రూడ్ అంటారు. 22 డిగ్రీల లోపైతే హెవీ. 10 కంటే తక్కువైతే అది నీటిలో మునిగిపోయే నూనె. ఆ నిర్ణయాన్ని నేను గౌరవంతో చూస్తాను. లక్షల మంది నమ్మకంగా వాడుతున్న కొలతను చెడగొట్టకుండా, దానికి కచ్చితమైన నిర్వచనం ఇచ్చారు.

అప్పటికి అమెరికా రోడ్ల మీద కార్లు నిండాయి. కిరోసిన్ రోజులు పోయి పెట్రోలు రోజులు వచ్చాయి. తేలిక నూనెలో పెట్రోలు పాలు ఎక్కువ. బరువు నూనె మరిగిస్తే అడుగున తారు లాంటి మడ్డి ఎక్కువ మిగులుతుంది. అందుకే 1920లలో కొనేవాళ్లు డిగ్రీ డిగ్రీకి ఇంత చొప్పున రేటు పట్టికలు ప్రకటించడం మొదలుపెట్టారు. సాంద్రత, గంధకం, ఈ రెండు అంకెలతోనే ఏ నూనెకైనా జాతకం చెప్పేస్తారు: అమెరికా వెస్ట్ టెక్సస్ ఇంటర్మీడియట్ సుమారు 40 డిగ్రీలు, గంధకం పావు శాతం. దుబాయ్ 31 డిగ్రీలు, గంధకం 2 శాతం. మెక్సికో మాయా 22 డిగ్రీలు, గంధకం 3 శాతం పైన. అయితే హెవీ, సోర్ నూనెను చౌకగా కొని పెద్ద యంత్రాంగంతో డీజిలుగా మార్చగల రిఫైనరీకి అది నాసి సరుకు కాదు, లాభసాటి సరుకు. రకం స్థిరం, దాని విలువ కొనేవాడి కర్మాగారాన్ని బట్టి మారుతుంది.

ఇక్కడ కథ మన దేశం మీదికి వస్తుంది. 1920లలో భారతదేశంలో చమురు అంటే ఊరూరా దీపాల్లోకి పోసే కిరోసిన్. 1927లో ఒక అమెరికన్ కంపెనీ సోవియట్ కిరోసిన్ కొని ఇక్కడ అమ్మబోతే, రాయల్ డచ్ షెల్ అధిపతి హెన్రీ డిటెర్డింగ్ మండిపడి ధరలు నేలకు దించాడు. ఆ ధరల యుద్ధం మన మార్కెట్లో మొదలై ప్రపంచమంతా పాకింది. అందరూ నష్టపోయాక 1928లో స్కాట్లండ్‌లోని అక్నాకెరీ కోటలో రాజీకి కూర్చున్నారు. డిటెర్డింగ్, అమెరికా జెర్సీ స్టాండర్డ్ తరఫున వాల్టర్ టీగల్, ఆంగ్లో పర్షియన్ తరఫున జాన్ కాడ్‌మన్. బయటికి వేట అని చెప్పారు. లోపల జరిగింది మార్కెట్ల పంపకం.

ఆ కాలంలో స్థిరపడిన ధరల పద్ధతి పేరు గల్ఫ్ ప్లస్. గల్ఫ్ అంటే పర్షియన్ గల్ఫ్ కాదు, మెక్సికో సింధుశాఖ. నూనె ఎక్కడ పుట్టినా సరే, అమెరికా రేవులోని ధర, దాని మీద అక్కడి నుంచి వచ్చినట్టు ఓడ ఖర్చు కట్టాలి. ఇరాన్‌లోని అబాదాన్ నుంచి బొంబాయికి ఓడ కొద్దిరోజుల్లో వచ్చేస్తుంది. ధర మాత్రం సరుకు టెక్సస్ తీరం నుంచి సగం ప్రపంచం చుట్టి వచ్చినట్టు వేసేవారు. జరగని ప్రయాణానికి మనవాళ్లు కిరాయి కట్టారు. ఈ లెక్క బ్రిటన్ ప్రభుత్వానికే రెండో ప్రపంచ యుద్ధంలో తగిలింది. పక్కనే అబాదాన్‌లో నింపుకున్న నూనెకు అట్లాంటిక్ కిరాయి ఏమిటని లండన్ ఆడిటర్లు నిలదీశాక, పర్షియన్ గల్ఫ్‌ను రెండో ఆధార స్థానంగా ఒప్పుకున్నారు. కిరాయి తగ్గింది. అక్కడి మూల ధర మాత్రం అమెరికా ధరతో సమానంగానే ఉంచారు.

1950ల నాటికి పశ్చిమాసియాలో కూడా కంపెనీలు పోస్టెడ్ ప్రైస్ ప్రకటించసాగాయి. ఆ ధర మీదే చమురు దేశాలకు లాభంలో సగం వాటా లెక్కకట్టేవారు. సొంత నేలలోని నూనెకు రేటు రాసేది న్యూయార్క్‌లో, లండన్‌లో. ఆ రేటుకు పోటీగా 1960లో సోవియట్ యూనియన్ మనకు చౌక ముడిచమురు ఇస్తానంది, రూపాయల్లో చెల్లించవచ్చంది. చమురు మంత్రి కె.డి.మాలవీయ ఆ నూనెను శుద్ధి చేయమని విదేశీ రిఫైనరీలను అడిగారు. అప్పుడు తీరంలో ఉన్నవి మూడు కంపెనీలు: బొంబాయిలో బర్మా షెల్, స్టాన్‌వాక్, విశాఖపట్నంలో 1957లో మొదలైన కాల్టెక్స్. మూడూ కుదరదన్నాయి. తమకు నచ్చిన చోటు నుంచి ముడిచమురు తెచ్చుకునే హక్కు ఒప్పందాల్లోనే రాయించుకున్నాయి మరి. అయినా మాలవీయ ఒత్తిడి వృథా కాలేదు. సోవియట్ ధరను చూపించి అడిగేసరికి, తగ్గదన్న ధరలో రాయితీ దొరికింది. విశాఖ రిఫైనరీ తర్వాత జాతీయమై 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. ధర రాసే చేతిని పేద దేశం కూడా కదిలించగలదని మాలవీయ చూపించారు. తెలుగు తీరం పేరు కూడా ఉన్న ఈ ఘట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పాలి.

మార్కెట్లో ఇలాంటి రాయితీలు పెరిగి రాబడి తగ్గుతుండడంతో 1960 ఆగస్టులో జెర్సీ స్టాండర్డ్ పశ్చిమాసియా పోస్టెడ్ ప్రైస్‌ను బ్యారెల్‌కు 14 సెంట్ల దాకా కోసింది. ఆ దేశాలను అడగనైనా అడగలేదు. వచ్చే నెలలోనే ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజువేలా బాగ్దాద్‌లో కలిసి ఒపెక్ పెట్టుకున్నాయి. పదమూడేళ్లకు, 1973 అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు 34 డిగ్రీల అరేబియన్ లైట్ ధరను 3.01 డాలర్ల నుంచి 5.11కు తామే పెంచేశాయి. 1974 జనవరి 1 నుంచి 11.65. మిగతా నూనెలన్నీ ఆ ఒక్క రకంతో పోల్చుకుని ధర కట్టుకునేవి. ఈ భాగం అందరికీ తెలిసిందే.

ఒపెక్ చేతిలోంచి ఆ హక్కు జారిపోయిన తీరు అంతగా తెలియదు. షెల్ 1971లో షెట్‌లాండ్ దీవుల ఈశాన్యాన సముద్రంలో ఒక క్షేత్రం కనుక్కుంది. ఆ కంపెనీ బ్రిటన్ క్షేత్రాలకు నీటిపక్షుల పేర్లు పెట్టేది. దీనికి బ్రెంట్ బాతు పేరు పెట్టింది. బ్రిటన్‌లో చమురు పన్నును సరుకు మార్కెట్ ధరను బట్టి వేసేవారు. నూనె తీసే కంపెనీ తన రిఫైనరీకి తానే పంపుకుంటే మార్కెట్ ధర ఏదని అధికారులు అడుగుతారు. అందుకని కంపెనీలు తమ సరుకును బయట అమ్మి, అలాంటిదే బయట కొని, పన్ను అధికారికి చూపించే ధర ఒకటి సంపాదించేవి. ఇలా పన్ను కోసం చేసిన అమ్మకాలూ కొనుగోళ్లూ పేరుకుని పెద్ద బజారు తయారైంది. 1985లో బ్రిటన్ తన ప్రభుత్వ చమురు సంస్థను ఎత్తేసి అధికారిక ధర ప్రకటించడం మానేసింది. అదే ఏడాది సౌదీ అరేబియా, ఎంతకాలం ఉత్పత్తి తగ్గించుకుంటూ కూర్చోవాలని విసిగి, రిఫైనరీకి వచ్చిన రాబడిని బట్టి ధర తీసుకుంటానంది. 1986లో చమురు 10 డాలర్ల కిందికి కూలింది. ఆ దెబ్బతో స్థిర ధర రాసే ధైర్యం ఎవరికీ మిగలలేదు. మెక్సికో, వెనకే మిగతావాళ్లు సూత్రం పద్ధతికి మారారు: బజారులో బ్రెంట్ ధర ఎంతో అంత, మా నూనె డిగ్రీలను బట్టి, గంధకాన్ని బట్టి ఇంత ఎక్కువ, ఇంత తక్కువ.

అమెరికాలో అదే సమయానికి ఇంకో బజారు తయారైంది. న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజ్ 1872లో వెన్న, జున్ను వ్యాపారులు పెట్టుకున్నది. 1976లో బంగాళాదుంపల ఒప్పందాల్లో అమ్మినవాళ్లు సరుకు అందించకపోవడంతో పరువు పోగొట్టుకుంది. 1983 మార్చి 30న ముడిచమురు ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇచ్చే సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు, మొదలుపెట్టి నిలదొక్కుకుంది. సరుకు అప్పగించే చోటు ఓక్లహోమాలోని కుషింగ్, పైపులైన్లు కలిసే ఒక చిన్న పట్టణం. సముద్రం దగ్గరలో లేదు. 2020 ఏప్రిల్ 20న, కోవిడ్ లాక్‌డౌన్లలో అక్కడి ట్యాంకులు నిండబోతున్నప్పుడు, ఆ ఒప్పందం బ్యారెల్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. సరుకు తీసుకెళ్లడానికి ఎదురు డబ్బిచ్చారు. నూనె గుణం ఆ రోజు ఏమీ మారలేదు. దాన్ని పోసుకునే చోటు కరువైంది.

ఇప్పుడు బ్రెంట్ ధరను రాసేది ఏ కంపెనీ, ఏ దేశం కాదు, విలేఖరులు. వారెన్ ప్లాట్ 1909లో చమురు వార్తల పత్రిక పెట్టాడు, 1920ల నుంచి రోజువారీ ధరలు అచ్చువేశాడు. ఆ వారసత్వ సంస్థ ప్లాట్స్ రోజూ లండన్ సమయం సాయంత్రం నాలుగున్నరకు ముగిసే అరగంటలో వచ్చిన బేరాలను చూసి, తేదీ ఖరారైన ఓడ సరుకుకు ధర ప్రకటిస్తుంది. దాన్నే డేటెడ్ బ్రెంట్ అంటారు. అయితే బ్రెంట్ క్షేత్రం ఎండిపోతూ వచ్చింది. బజారు మాత్రం ఆ పేరు వదులుకోలేకపోయింది. అందుకని 2002లో ఫోర్టీస్, ఓస్‌బెర్గ్ రకాలను, 2007లో ఎకోఫిస్క్‌ను, 2018లో ట్రోల్‌ను అదే బుట్టలో వేశారు. 2021లో బ్రెంట్ క్షేత్రంలో చివరి వేదిక ఉత్పత్తి ఆపేసింది. 2023లో ఏకంగా టెక్సస్ నూనెను, వెస్ట్ టెక్సస్ మిడ్‌లాండ్‌ను చేర్చారు. బుట్టలో ఆ రోజు ఏది చౌకో అది డేటెడ్ బ్రెంట్ ధరను నిర్ణయిస్తుంది. టెక్సస్ సరుకుకు రాటర్‌డామ్ చేరాక పలికే ధర తీసుకుని, ఉత్తర సముద్రం నుంచి అక్కడికయ్యే ఓడ ఖర్చు తీసేస్తారు. అక్నాకెరీ కాలంలో లేని ప్రయాణానికి కిరాయి కలిపారు, ఇప్పుడు చేయని ప్రయాణానికి కిరాయి తీసేస్తున్నారు. తేడా ఒకటుంది. ఈ లెక్క బహిరంగంగా అచ్చవుతుంది, ఎవరైనా చదివి తప్పు పట్టవచ్చు.

మన పెట్రోలు బంకు దాకా ఈ చరిత్ర వస్తుంది. ఇండియన్ బాస్కెట్ అని పెట్రోలియం శాఖ రోజూ చెప్పే ధరలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒమన్, దుబాయ్‌ల సగటు, మిగతాది డేటెడ్ బ్రెంట్. మన రిఫైనరీలు సోర్ నూనె ఎంత, స్వీట్ నూనె ఎంత వాడాయన్నదే ఆ వాటాలకు ఆధారం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఉరల్స్ నూనెను బ్రెంట్ మీద పెద్ద రాయితీకి మన రిఫైనరీలు కొన్నాయి. ఆ డిసెంబరు 5 నుంచి జీ7 దేశాలు రష్యా సముద్ర చమురుకు 60 డాలర్ల పరిమితి పెట్టాయి. అంతకు మించి అమ్మితే తమ ఓడలు, తమ బీమా దొరకవన్నాయి. కొనని దేశాలు ఇంకొకరి సరుకుకు గరిష్ఠ ధర రాయడం అలా కొత్తగా మొదలైంది. రష్యా వేరే ఓడలు వెతుక్కుంది. మన కొనుగోలుదారులు మాలవీయ కాలంలో లాగే, రెండు పక్షాల అంకెలూ ముందు పెట్టుకుని, ఏ రకం, ఎన్ని డిగ్రీలు, గంధకం ఎంత, రాయితీ ఎంత అని బేరమాడారు.